రెండర్ ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తుంది? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: బెంగళూరు సర్జాపూర్ రోడ్డు వైపు ఒక 3 బీహెచ్‌కే ఫ్లాట్‌కి ఇంటీరియర్ చేస్తున్నారు. మోడల్ (గది 3డీ ఆకారం) స్కెచప్‌లో, రెండర్ (దాన్నుంచి కంప్యూటర్ గీసే ఫొటోలాంటి బొమ్మ) బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ ఇంజిన్‌లో. క్లయింట్ చూసి "బొమ్మలా ఉందండీ, ఫొటోలా లేదు" అన్నారు. ఇప్పుడున్న 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు తీసేసి 16 జీబీది కొంటే బాగుపడుతుందా?

పడదండీ. అదే బొమ్మ ఇంకాస్త త్వరగా వస్తుంది, అంతే. మీరు పెట్టిన హాల్, బెడ్‌రూమ్ ఇమేజ్‌లలో తేడా ఎక్కడుందో స్పష్టంగానే తెలుస్తోంది. మిట్టమధ్యాహ్నం అని చెప్పిన సీన్‌లో ఎండ సోఫా దాకా వచ్చింది. పట్టపగలు సీలింగ్ లైట్లన్నీ ఎండతో సమానంగా వెలుగుతున్నాయి. గోడలు మరీ తెల్లగా ఉన్నాయి. వార్డ్‌రోబ్ అంచులు బ్లేడులా ఉన్నాయి. ఫ్లోర్ టైల్స్ అన్నీ కలిసి ఒకే అద్దంలా మెరుస్తున్నాయి. వీటిలో ఏదీ కార్డు తప్పు కాదు. అన్నీ కొలతల తప్పులే. వెలుగుకీ కొలత ఉంటుంది, దాన్నే ఎక్కువ మంది వదిలేస్తారు. అందుకే ఎండతో మొదలుపెడతాను.

బెంగళూరు అక్షాంశం 12.97 ఉత్తరం, రేఖాంశం 77.59 తూర్పు. బ్లెండర్‌లో సన్ పొజిషన్ యాడ్ఆన్ (4.2 నుంచి ఎక్స్‌టెన్షన్స్‌లోంచి దింపుకోవాలి) ఆన్ చేసి ఈ రెండూ ఇవ్వండి, టైమ్ జోన్ 5.5 పెట్టండి, ప్లాన్‌లో ఉన్న ఉత్తరం గుర్తు చూసి నార్త్ ఆఫ్‌సెట్ సరిచేయండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి చేరేది 12 గంటలకు కాదు, దాదాపు 12.20కి. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి సరిగ్గా నెత్తి మీదుగా పోతాడు. ఆ రెండింటి మధ్య నెలల్లో మధ్యాహ్నం ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. అంటే జూన్‌లో దక్షిణం కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చినట్టు చూపిస్తే అది ఈ ఊరి ఇల్లు కాదు.

దక్షిణం కిటికీకి ఎండ బాగా తగిలే డిసెంబరు 21నే లెక్కేద్దాం. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 53.6 డిగ్రీలు. కిటికీ పైఅంచు, అక్కడే ఉన్న సజ్జా నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. 2.1ని ఆ కోణం టాన్జెంట్‌తో, అంటే 1.356తో భాగిస్తే 1.55 మీటర్లు. అందులో సజ్జా 600 మి.మీ., గోడ మందం 200 మి.మీ. తీసేస్తే గదిలోకి వచ్చే ఎండ 75 సెంటీమీటర్లు. కిటికీ పక్కన ఒక చారిక, అంతే. మీ సోఫా కిటికీకి మూడు మీటర్ల దూరంలో ఉంది. అంత లోపలికి ఎండ కావాలంటే పడమటి బాల్కనీ, సాయంత్రం వేళ కావాలి. అదే డిసెంబరులో 4.30కి ఎత్తు 18 డిగ్రీల చిల్లర, అప్పుడు ఎండ దాదాపు నాలుగున్నర మీటర్లు లోపలికి ఏటవాలుగా వస్తుంది. క్లయింట్ ఈ లెక్కేమీ వేయడు. కానీ రోజూ చూసే ఎండ కాబట్టి తప్పుంటే పేరు పెట్టలేకపోయినా కంటికి తెలిసిపోతుంది.

వరల్డ్‌లో స్కై టెక్స్చర్ (లెక్క ప్రకారం వచ్చే ఆకాశం) పెట్టి సూర్యుడి ఎత్తు, దిశ యాడ్ఆన్ నుంచి తీసుకోండి. హెచ్‌డీఆర్ఐ (వెలుగు బలంతో సహా నాలుగు వైపులా తీసిన ఆకాశం ఫొటో) వాడాలనుకుంటే పాలీ హేవెన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే చాలా ఫైళ్లు మన అక్షాంశంలో తీసినవి కావు, వాటిలో సూర్యుడు కిందకు ఉంటాడు, నీడలు పొడుగ్గా పడతాయి. మబ్బు పట్టిన ఆకాశానివైతే ఎక్కడివైనా నడుస్తాయి. ఎండ కావాలంటే మాత్రం స్కై టెక్స్చరే నయం. సన్ ల్యాంప్ విడిగా పెడితే దాని యాంగిల్ 0.53 డిగ్రీల దగ్గరే ఉంచండి. సున్నా చేస్తే నీడ అంచులు కత్తిరించినట్టు వస్తాయి, 5 చేస్తే ఎండ మబ్బెక్కినట్టు ఉంటుంది.

తర్వాత అందరినీ ఇబ్బంది పెట్టేది కిటికీ గ్లాస్. మామూలు గ్లాస్ షేడర్ (వస్తువు మీద వెలుగు ఎలా ప్రవర్తించాలో చెప్పే సెట్టింగ్) పెట్టగానే గది చీకటైపోతుంది. సైకిల్స్‌లో ఆ గ్లాస్ దాటొచ్చే ఎండ కాస్టిక్స్ (గాజులోంచి వంగి పడే వెలుగు) లెక్కలోకి పోతుంది. నాయిజ్ (బొమ్మలో పడే చుక్కలు) తగ్గుతుందని రిఫ్రాక్టివ్ కాస్టిక్స్ ఆపేసి ఉంటే ఎండ బయటే ఆగిపోతుంది. చీకటి పోవడానికి లోపల ఏరియా లైట్లు పెంచుకుంటూ పోతారు, అక్కడి నుంచే సీన్ పాడవడం మొదలవుతుంది. మందు చిన్నదే: లైట్ పాత్ నోడ్‌లో ఈజ్ షాడో రే తీసుకుని మిక్స్ షేడర్‌కి ఇవ్వండి, నీడ కిరణానికి ట్రాన్స్‌పరెంట్, మిగతా వాటికి గ్లాస్ వెళ్లేలా కలపండి. గ్లాస్ ఒకే పొర అయితే బయటి దృశ్యం వంగినట్టు కనిపిస్తుంది. 5 లేదా 6 మి.మీ. మందం ఇస్తే ఆ బాధ ఉండదు.

స్కెచప్ మోడల్‌లో గోడలు ఒకే ఫేస్‌గా (మందం లేని ఒక్క పొరగా) ఉంటే మూలల్లో సీలింగ్ కింద సన్నటి వెలుగు గీతలు వస్తాయి. గోడకు నిజమైన మందం ఇవ్వండి. బ్లాక్ గోడలైతే బయటివి 200 లేదా 150, లోపలివి 100 మి.మీ. చుట్టూ ఉంటాయి. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో పోసిన టవర్లయితే కాంక్రీట్ గోడలే, వాటి మందం స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూసి వేయండి. పైన శ్లాబు కూడా ఉండాలి. ఫాల్స్ సీలింగ్ ఒక్కటే పెట్టి వదిలేస్తే కోవ్‌లోంచి (అంచున లైట్ దాచే గాడిలోంచి) ఆకాశం వెలుగు దిగుతుంది. ఇంపోర్ట్ అయ్యాక మొదటి పని, తలుపు ఎత్తు కొలవడం. 2.1 మీటర్లు రావాలి. 82 అనో 0.05 అనో వస్తే యూనిట్లు తప్పాయి. ఆ తప్పు స్కేల్‌తో ఎండ తప్ప మరేదీ కుదరదు, బెవెల్ (అంచుని కాస్త గుండ్రం చేయడం), ల్యాంప్ వాట్లు, కెమెరా బ్లర్ అన్నీ తారుమారే.

లైట్ల విషయానికొస్తే, బ్లెండర్‌లో వాట్ అంటే బల్బు డబ్బా మీద రాసే వాట్ కాదు, అది వెలుగుగా బయటకొచ్చే శక్తి. 800 ల్యూమెన్ల ఎల్ఈడీ బల్బుకి పాయింట్ లైట్‌లో సుమారు 2 వాట్లు చాలు. మీరు ఒక్కో డౌన్‌లైట్‌కి 60 పెట్టారు. 2 పెడితే పగటి సీన్‌లో ఏమీ కనిపించడం లేదంటారు. నిజంగానూ కనిపించదు! పగలు హాల్లో లైట్ వేస్తే ఫిట్టింగ్ మెరుస్తుంది, గోడ మీద చిన్న వెచ్చని మచ్చ పడుతుంది, అంతకు మించి ఏమీ మారదు. క్లయింట్‌కి కోవ్ లైట్, ప్రొఫైల్ లైట్ చూపించాలంటే అదే కెమెరాతో డిసెంబరు సాయంత్రం 6.30 సీన్ విడిగా చేయండి. బయట నీలం, లోపల పసుపు, అప్పుడు లైట్ల అందం తెలుస్తుంది. ఒకే బొమ్మలో ఎండా కావాలి, లైట్లూ కావాలి అంటే రెండూ చెడతాయి. రంగుకి బ్లాక్‌బాడీ నోడ్ వాడండి: వార్మ్ వైట్‌కి 3000, న్యూట్రల్‌కి 4000, మన ట్యూబ్‌లైట్ తెలుపుకి 6500. ఒకే గదిలో మూడూ కలపకండి. స్పాట్లకు ఐఈఎస్ ఫైల్ (ఏ దిశలో ఎంత వెలుగు పడుతుందో చెప్పేది) పెడితే గోడ మీద వెలుగు ఆకారం సహజంగా వస్తుంది, లైట్ కంపెనీల సైట్లలో చాలా మోడళ్లకు దొరుకుతుంది.

లైట్ల బలం నిజం దగ్గర ఉంచి, వెలుతురు ఎక్కువ తక్కువలను కలర్ మేనేజ్‌మెంట్‌లోని ఎక్స్‌పోజర్‌తో సర్దండి. ఎండలో బయటకూ గదికీ నిజమైన కెమెరాలోనే ఆరేడు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) తేడా ఉంటుంది. స్కై టెక్స్చర్‌తో బయటి సీన్‌కి ఎక్స్‌పోజర్ బాగా మైనస్‌లోకి దించాలి, లోపలి సీన్‌కి మళ్లీ పైకి తేవాలి. అప్పుడు కిటికీ బయట కాస్త తెల్లబారుతుంది. తెల్లబారనివ్వండి, ఫొటోలో జరిగేదీ అదే.

గోడ తెలుపు దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. పూర్తి తెలుపు, అంటే 1.0 ఇస్తే పడిన వెలుగంతా తిరిగి వస్తుంది. మూలలు కూడా తెల్లబడి గది లోతు పోతుంది, పైగా నాయిజ్ తగ్గదు. పెయింట్ షేడ్ వివరాల్లో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. అది 75 అయితే ఆ రంగు మీద పడ్డ వెలుగులో 75 శాతం తిరిగి వస్తుందని. బేస్ కలర్ వెలుతురు 0.75 దగ్గర ఉంచాలన్నమాట. ఎస్ఆర్‌జీబీలో (0 నుంచి 255 రంగు అంకెల్లో) చెప్పాలంటే 225 చుట్టుపక్కల. ఎంత తెల్ల గోడైనా 0.8 దాటించకండి. నల్ల ల్యామినేట్‌ని కూడా సున్నాకి తీసుకెళ్లకూడదు. 0.04, అంటే ఎస్ఆర్‌జీబీ 56 దగ్గర ఆపండి. బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్‌గా వచ్చే ఏజీఎక్స్ అనే రంగుల సెట్టింగ్‌లో తెల్ల గోడ బూడిదగా కనిపించి కంగారు పెడుతుంది. దానికి గోడ రంగు పెంచకండి, ఎక్స్‌పోజర్ పెంచి, లుక్‌లో మీడియం హై కాంట్రాస్ట్ పెట్టి చూడండి.

ఇక వార్డ్‌రోబ్. నిజమైన షటర్ ఎలా తయారవుతుందో అలాగే మోడల్ చేయడం దగ్గరి దారి. 18 మి.మీ. ప్లై, మీద 1 మి.మీ. ల్యామినేట్, అంచున ఎడ్జ్ బ్యాండ్, షటర్‌కీ షటర్‌కీ మధ్య 3 మి.మీ. సందు. సందు లోపల నల్ల గీత గీయకుండా నిజంగా లోతు ఉంచండి, చీకటి దానంతట అదే వస్తుంది. ల్యామినేట్ షీట్ 8×4 అడుగులు, అంటే 2440×1220 మి.మీ. చార పొడవు వైపు నడుస్తుంది. 2700 ఎత్తు షటర్‌ని ఒకే ముక్కగా చూపిస్తే కార్పెంటర్ నవ్వుతాడు. 2100 వరకు షటర్, పైన 600 లాఫ్ట్, అదీ మన అలవాటు. చార కింది షటర్ నుంచి లాఫ్ట్‌లోకి కొనసాగితే ఖరీదైన పనిలా ఉంటుంది, కానీ అలా కోయడానికి షీట్ ఎక్కువ పడుతుంది. కొటేషన్‌లో ఆ షీట్లు లేకపోతే బొమ్మలోనూ చూపించకండి. శాంపిల్ ముక్కని ఫొటో తీసి టెక్స్చర్‌గా వేస్తే ప్రతి అడుగుకీ అదే ముడి కనిపిస్తుంది. డీలర్‌ని ఫుల్ షీట్ ఇమేజ్ అడగండి, చాలా కంపెనీల దగ్గర ఉంటుంది. దాన్ని సరిగ్గా 2440×1220కి మ్యాప్ చేయండి.

అంచులకు బెవెల్ తప్పనిసరి. ల్యామినేట్ షటర్‌కి 0.5 నుంచి 1 మి.మీ., గ్రానైట్ కౌంటర్‌కి 2 నుంచి 3, పుట్టీ పెట్టిన గోడ మూలకి 3 నుంచి 5. వెడల్పు 3840 పిక్సెళ్ల బొమ్మలో నాలుగు మీటర్ల గోడ నిండా కనిపిస్తుంటే 1 మి.మీ. దాదాపు ఒక పిక్సెల్. ఆ ఒక్క పిక్సెల్ మీద మెరిసే వెలుగు గీతే "ఇది వస్తువు" అని కంటికి చెప్పేది. మొత్తం మోడల్‌కి బెవెల్ మాడిఫైయర్ (ఆకారాన్నే మార్చే టూల్) వేసే ఓపిక లేకపోతే మెటీరియల్‌లో బెవెల్ నోడ్ పెట్టి రేడియస్ 0.001 ఇచ్చి నార్మల్‌కి కలపండి, సైకిల్స్‌లో పనిచేస్తుంది. మాడిఫైయర్ వాడాలంటే మాత్రం ముందు మెర్జ్ బై డిస్టెన్స్ (దగ్గరి బిందువులను కలపడం) చేయాలి. స్కెచప్ నుంచి వచ్చిన ఫేస్‌లు చాలాసార్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, అందుకే బెవెల్ చీలిపోతుంది.

ప్లాస్టిక్ మెరుపు గురించి. మ్యాట్ కావాలని స్పెక్యులర్ (ప్రతిబింబం బలం) సున్నా చేయడం చాలామంది చేసేదే. స్పెక్యులర్‌ని, 1.5 ఐఓఆర్‌ని (వక్రీభవన గుణకాన్ని) అలాగే వదిలేసి రఫ్‌నెస్ (గరుకుదనం, 0 అంటే అద్దం) మార్చండి. స్వీడ్ లేదా మ్యాట్ ల్యామినేట్‌కి 0.4 నుంచి 0.55, అక్రిలిక్, హై గ్లాసీ ల్యామినేట్‌కి 0.05 దగ్గర. మెటాలిక్ ఉంటే 1, లేకపోతే 0, మధ్యలో ఆపకండి. రఫ్‌నెస్, నార్మల్ (గుంటలు, ఉబ్బులు చూపే) మ్యాప్‌ల కలర్ స్పేస్ నాన్-కలర్ అని ఉందో లేదో ఒక్కో నోడ్ తెరిచి చూడండి. ఎస్ఆర్‌జీబీలో ఉండిపోతే రఫ్‌నెస్ విలువలన్నీ కిందికి జారి ప్రతిదీ నూనె రాసినట్టు మెరుస్తుంది. మీ బెడ్‌రూమ్ హెడ్‌బోర్డ్ చూస్తే నా అనుమానం ఇదే. గుంటలు ఉబ్బుగా, ఉబ్బులు గుంటలుగా కనిపిస్తే నార్మల్ మ్యాప్ డైరెక్ట్ఎక్స్ రకం. బ్లెండర్‌కి ఓపెన్‌జీఎల్ రకం కావాలి. ఆకుపచ్చ చానెల్ తిరగేస్తే సరిపోతుంది.

ఫ్లోర్ మీద కాస్త ఎక్కువ టైమ్ పెట్టండి, ఇంటీరియర్ బొమ్మలో చాలా భాగం అదే. 800×1600 విట్రిఫైడ్ టైల్, మధ్యలో 2 మి.మీ. జాయింటు. టైల్స్‌ని ఒకే పెద్ద ప్లేన్ మీద బొమ్మగా అతికించకుండా ఒక్కో టైల్‌ని విడి ముక్కగా చేయండి, జాయింటు ఒక మి.మీ. లోతు ఉండాలి, గ్రౌట్ టైల్ కంటే కొంచెం ముదురు, రఫ్‌నెస్ 0.8. ఇప్పుడు అసలు కిటుకు. ఎంత మంచి మేస్త్రీ వేసినా టైల్స్ అన్నీ ఒకే మట్టంలో కూర్చోవు. పక్క టైల్‌తో అర మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, అందుకే ఫ్లోర్‌లో కనిపించే కిటికీ ప్రతిబింబం జాయింటు దగ్గర కొద్దిగా విరుగుతుంది. ఒక్కో టైల్‌ని యాదృచ్ఛికంగా 0.05 డిగ్రీ వంచండి. 800 మి.మీ.కి 0.7 మి.మీ. తేడా వస్తుంది, అంతకు మించితే చెడ్డ పనిలా ఉంటుంది. మెష్ కదపడం ఇష్టం లేకపోతే జామెట్రీ నోడ్‌లోని ర్యాండమ్ పర్ ఐలాండ్‌తో నార్మల్‌నే అంత మేరకు వంచవచ్చు. పాలిష్ టైల్‌కి రఫ్‌నెస్ 0.05 నుంచి 0.1, దాని మీద మసక మచ్చల మ్యాప్‌తో 0.03 అటూ ఇటూ. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో ఫ్లోర్ అద్దంలా ఎక్కడా ఉండదు. మార్బుల్ డిజైన్ అయితే ఒకే బొమ్మ ప్రతి టైల్ మీదా రాకూడదు. అలాగని ప్రతిదీ కొత్తగానూ ఉండదు, డిజైన్‌కి కొన్ని ఫేస్‌లే (వేర్వేరు ముద్రలే) ఉంటాయి. మూడు నాలుగు ఫేస్‌లు తీసుకుని కొన్నింటిని 180 డిగ్రీలు తిప్పి కలపండి.

కెమెరా త్వరగా చెప్పేస్తాను. ఎత్తు 1.2 మీటర్లు, హాల్‌కి 24 నుంచి 28 మి.మీ. లెన్స్, కెమెరాని పైకీ కిందికీ వంచకుండా షిఫ్ట్ వై (కెమెరా వంచకుండా ఫ్రేమ్‌ని పైకీ కిందికీ జరిపేది) వాడండి, నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. 5×8 అడుగుల బాత్రూమ్‌లో కెమెరా పట్టదు, 14 మి.మీ. పెడితే కమోడ్ సాగిపోయి కనిపిస్తుంది. కెమెరాని గోడ బయటికి తీసుకెళ్లి క్లిప్ స్టార్ట్ (కెమెరా ఎంత దూరం నుంచి చూడాలో చెప్పేది) పెంచండి. సైకిల్స్‌లో కెమెరాకి మాత్రమే ఆ గోడ కనిపించదు, వెలుగుకి అడ్డంగానే ఉంటుంది కాబట్టి లైటింగ్ మారదు.

గదిలో ఏం పెడుతున్నారన్నది కూడా చూడండి. మీ హాల్లో ఫ్యాన్ లేదు. 1200 మి.మీ. స్వీప్ ఫ్యాన్ లేని హాల్ మనవాళ్లెవరూ నమ్మరు. స్విచ్‌బోర్డు, ఏసీ, స్లైడింగ్ విండోకి దోమల మెష్, కిచెన్‌లో స్టవ్, మిక్సీ, తలుపు పక్కన చెప్పుల స్టాండ్, ఇవన్నీ డిజైనర్‌కి చికాకే గానీ క్లయింట్‌కి తన ఇల్లు అనిపించేది వాటివల్లే. కిటికీ బయట మేపుల్ చెట్లు తీసేయండి. ఫ్లాట్ ఎన్నో అంతస్తులో ఉందో అక్కడి బాల్కనీ నుంచి, మీ సీన్ టైమ్‌కే ఫొటో తీసి ప్లేన్ మీద ఎమిషన్‌గా పెట్టండి. మూడో అంతస్తు అయితే నిద్రగన్నేరు కొమ్మలో, కొబ్బరి మట్టలో, ఎదురు మేడ మీద సోలార్ హీటరో కనిపించాలి. వసంతంలో గులాబీ రంగు టబెబుయా పూత ఒకటి పెట్టారంటే బెంగళూరు అని వేరే చెప్పక్కర్లేదు, కాకపోతే దాన్ని జూన్ సీన్‌లో పెట్టకండి.

ఫైనల్‌కి డిఫ్యూజ్ బౌన్స్‌లు (వెలుగు గోడలకు తగిలి ఎన్నిసార్లు తిరిగి రావాలో) డిఫాల్ట్ 4 నుంచి 8కి పెంచండి, మూలల్లో మట్టి రంగు చీకటి పోతుంది. ఇన్‌డైరెక్ట్ క్లాంప్ (పరావర్తన వెలుగుకి గరిష్ఠ పరిమితి) 10 ఉండనివ్వండి, తెల్ల చుక్కలు ఎక్కువైతే 5 చేయండి. మరీ తగ్గిస్తే కోవ్ లైట్లు నీరసపడతాయి. నాయిజ్ థ్రెషోల్డ్ 0.01, మ్యాక్స్ శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి లెక్కించే కిరణాలు) 2048. ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్‌కి (మిగిలిన నాయిజ్ తుడిచే టూల్‌కి) ఆల్బెడో, నార్మల్ రెండూ ఇవ్వండి. 100 శాంపిల్స్ దగ్గర ఆపి డీనాయిజర్ మీద భారం వేస్తే ల్యామినేట్ చార, కర్టెన్ నేత అరిగిపోయి మైనం పూసినట్టు వస్తాయి. క్లయింట్ అన్న "బొమ్మలా ఉంది"లో ఇదీ ఒక భాగమే. 32 బిట్ ఈఎక్స్ఆర్‌లో, క్రిప్టోమ్యాట్‌తో (ఒక్కో వస్తువుని విడిగా ఎంచుకునే మాస్క్‌తో) సేవ్ చేస్తే సోఫా రంగు మార్చమన్నప్పుడు మళ్లీ రెండర్ అక్కర్లేదు. ఫోన్‌లో చూసేదానికి 1920 చాలు. ఏ3 ప్రింట్ 300 డీపీఐకి అయితే 4961×3508 కావాలి.

మీరు చివర్లో బిల్డర్ బ్రోచర్ పని కూడా వచ్చిందన్నారు. అక్కడ ఒక జాగ్రత్త. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 12 ప్రకారం ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. శాంక్షన్ ప్లాన్‌లో లేని స్విమ్మింగ్ పూల్, ఎదురుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో పార్కు వేయమంటే ప్లాన్ అడిగి చూసుకోండి, మార్పు ఎవరు చెప్పారో మెయిల్‌లో రాయించుకోండి.

కార్డు సంగతి. 8 జీబీ నిండిపోతోందన్నారు. 4కే టెక్స్చర్ ఒకటి 8 బిట్‌లో మెమరీలో 64 ఎంబీ. మెటీరియల్‌కి మూడు మ్యాప్‌ల చొప్పున 16 మెటీరియళ్లంటే 3 జీబీ అక్కడే పోతుంది. బొమ్మలో 200 పిక్సెళ్లు కూడా ఆక్రమించని పూలకుండీకి 4కే ఎందుకు? దాన్ని 1కే చేయండి, 4 ఎంబీకి దిగుతుంది. చెట్లు, కుర్చీలు కాపీ చేసేటప్పుడు షిఫ్ట్ డీ కాదు, ఆల్ట్ డీ నొక్కండి, మెష్ ఒక్కసారే లోడవుతుంది. ఇవన్నీ చేశాక రెండర్ విండో పైన కనిపించే పీక్ మెమరీ చూడండి. అప్పటికీ 7 జీబీ దాటుతుంటే కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డుకి వెళ్లండి. కొనేటప్పుడు కొత్త మోడలా పాత మోడలా అన్నదానికంటే ముందు వీర్యామ్ (కార్డులోని మెమరీ) ఎంతో అడగండి. దాటకపోతే ఆ డబ్బు ఉంచుకుని ముందు హాల్ సీన్ ఒక్కటే తీసుకోండి. మెటీరియళ్లన్నీ ఆపేసి, అన్నిటికీ 0.5 బూడిద రంగు ఓవర్‌రైడ్ వేసి, సాయంత్రం 4.30 ఎండతో రెండర్ చేసి ఇక్కడ పెట్టండి. ఆ రెండర్‌లో కిటికీ గ్లాస్‌ని హైడ్ చేయడం మరచిపోవద్దు, లేకపోతే గది నల్లగా వస్తుంది. ఆ బూడిద బొమ్మలో వెలుగు కుదిరిందో లేదో చూశాకే మెటీరియళ్ల జోలికి వెళ్దాం.